ఆదివారం కదలని గోడ

ఆ సోమవారం ఉదయం బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా గది ఊడ్చి, బీరువాను ఒక అడుగు పక్కకు జరిపి, వచ్చే అమ్మాయికి టీ ఇచ్చి, తొమ్మిదిన్నర బస్సుకు ఆమెతో పాటే ల్యాబుకు వెళ్ళిపోవడం. ఇంటికి మనిషి వచ్చి ఏడాది దాటింది కాబట్టి రెండో కప్పు కోసం అటకంతా వెతకాల్సి వచ్చింది. కప్పు దొరికింది గాని దానికి చెవి లేదు. అది తనకు ఉంచుకుని, చెవి ఉన్న కప్పును అమ్మాయి కోసం రెండుసార్లు కడిగి బోర్లించాడు.

బాబాయ్ నిజానికి ఎవరికీ బాబాయ్ కాడు. భవన నిర్మాణ పదార్థాల పరిశోధనశాలలో ముప్పై నాలుగేళ్ళుగా టెక్నీషియను. గేటు దగ్గర కాపలాదారు నుంచి డైరెక్టరు గారి దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఆరేళ్ళ క్రితం భార్య పోయాక ఆ పిలుపు తప్ప అతన్ని చుట్టరికంతో పిలిచే గొంతు మరొకటి మిగల్లేదు.

ఆ ల్యాబులో జరిగేది గోడకు ప్రాణం పోసే పని. ఇసుకకూ సున్నానికీ నిద్రపోయే సూక్ష్మజీవులను జత చేస్తారు. తడీ, కాస్త దాణా అందితే అవి నిద్ర లేచి, తిని, సున్నపురాయిని వదులుతాయి. ఆ రాయి పేరుకుని పగులును పూడుస్తుంది. దీనిమీద మూడేళ్ళుగా డాక్టరేటు చేస్తున్న అమ్మాయిని అందరూ స్కాలరమ్మ అంటారు. "గోడ తన దెబ్బ తనే మాన్పుకుంటుంది బాబాయ్" అని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు, "తిని కూర్చుని ఇల్లు కట్టేవాళ్ళను ఇప్పుడే వింటున్నానమ్మా" అన్నాడతను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ల్యాబులో యంత్రంతో పగలగొట్టిన ఇటుకలన్నీ బుద్ధిగా అతుక్కున్నాయి గాని ఈ పనికి డబ్బు మంజూరు చేసే కమిటీ వాళ్ళకు అది ఆనలేదు. "మీరే పగలగొట్టి మీరే అతికించుకుంటే ఏం తేలుతుంది? నిజమైన ఇంట్లో నిజమైన పగులు పూడ్చి చూపించండి. నాలుగు వారాల్లో వస్తాం. లేకపోతే ఈ పని ఇంతటితో ముగిద్దాం" అని రాసి పంపారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు టీ వేళ అందరూ తమ ఇళ్ళలో ఉన్నవాటి గురించి చెప్పుకుంటున్నారు. ఒకరికి మనవరాలు, ఒకరికి కుక్కపిల్ల, ఒకరికి కొత్త సోఫా. బాబాయ్‌కి చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే.

"మా ఇంట్లో పగులుంది. ఇవతల్నుంచి అవతలికి వెలుతురు కనిపిస్తుంది" అన్నాడు కాస్త గర్వంగానే.

అన్నాక గాని నోరు జారినట్టు తెలియలేదు. స్కాలరమ్మ అప్పటికే కప్పు కింద పెట్టేసి కొలబద్ద వెతుక్కుంటోంది.

* * *

ఆ పగులు బీరువా పక్కన, మోకాలి ఎత్తు నుంచి భుజం దాకా వంకరగా పోయేది. వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ గోడ రెండు భవనాలకు ఉమ్మడి. బాబాయ్ గుమ్మం ఒక వీధిలో ఉంటే, గోడకు అవతలి వాటా గుమ్మం వెనక వీధిలో ఉంది. చుట్టూ తిరిగి వెళితే పదకొండు నిమిషాలు. అతనెన్నడూ వెళ్ళలేదు. వెళ్ళి తలుపు కొట్టి ఏమని చెప్పాలి? మీ దగ్గు తగ్గిందా అని అడగాలా?

ఎందుకంటే ఆ దగ్గు అతనికి బాగా తెలుసు. ఆ పగుల్లోంచి నాలుగేళ్ళుగా అతనికి ఒక మనిషి వినిపిస్తోంది. కుట్టుమిషను చప్పుడు, అది ఆగడం, గ్లాసు బల్ల మీద పెట్టిన శబ్దం. "మళ్ళీ తెగావా తల్లీ, నీకు నేనేం తక్కువ చేశాను" అని దారంతో పెట్టుకునే జగడం. ఆదివారం మిషను ఉండదు. రేడియో ఉంటుంది. బాబాయ్ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే ముందు పగులు దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. చప్పుడు వినిపిస్తే, సరే, ఉన్నారు అనుకుని వంటకు వెళ్ళేవాడు.

ఇవేవీ స్కాలరమ్మకు తెలియవు. ఆమె నేల మీద మఠం వేసుకుని, సూది లేని సిరంజితో సూక్ష్మజీవులు కలిపిన సన్నటి ఇసుక ద్రవాన్ని పగుల్లోకి ఎక్కించింది. పసిపిల్లకు మందు పోసినట్టు ఆగి ఆగి పోసింది.

"పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు ఈ దాణా నీళ్ళు చిమ్మండి బాబాయ్. ఒక్క పూట కూడా మానొద్దు. మూడో వారానికి గోడ చెవులు మూసుకుపోవాలి."

"మూసుకుపోతే... మళ్ళీ తెరుచుకోదా?"

"తెరుచుకోకూడదనే కదా మన తాపత్రయమంతా" అంది ఆమె టీ తాగుతూ. తాగాక తన కప్పు తనే కడిగి పెట్టింది. బాబాయ్ ఆ తడి కప్పు వంక కాసేపు చూశాడు. తను కాక మరొకరు కడిగిన కప్పు ఆ ఇంట్లో చాలాకాలానికి అదే.

మొదటి రెండు రోజులు చెప్పినట్టే చిమ్మాడు. బుధవారం ఉదయానికి పగులు పెదవుల మీద తెల్లటి పెచ్చు కట్టింది. ఆ సాయంత్రం మిషను చప్పుడు దుప్పటి కప్పుకుని కుడుతున్నట్టు వినిపించింది. దారంతో జగడం జరిగిందో లేదో తెలియనే లేదు. బాబాయ్ దాణా సీసా చేతిలో పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. తర్వాత దాన్ని బీరువా పైన పెట్టి, వేలితో ఆ పెచ్చును మెల్లగా గీకేసి, రిజిస్టరు తెరిచి 'సాయంత్రం, ఇరవై సార్లు' అని రాశాడు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో అది అతని మొదటి అబద్ధం. దస్తూరి మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

వారం తర్వాత స్కాలరమ్మ వచ్చి కొలిచింది. మళ్ళీ కొలిచింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచింది.

"రెండున్నర. వెంట్రుకంత కూడా పూడలేదు."

"నిజం గోడ కదమ్మా. ల్యాబు ఇటుకల్లా మాట వినదేమో" అన్నాడు బాబాయ్, గోడవైపు చూడకుండా.

"తప్పు నాదే అయ్యుంటుంది బాబాయ్. మూడేళ్ళు ఏదో చేశాననుకున్నాను." ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. సిరంజి తుడిచి, సంచిలో పెట్టుకుని, కప్పు కడిగి వెళ్ళిపోయింది. ఆ పూట టీ తాగనే లేదు. తాగని కప్పును కడిగింది.

అది అతన్ని నిలవనివ్వలేదు. నాలుగేళ్ళ చప్పుడు తనది. మూడేళ్ళ చదువు ఆ పిల్లది. ఏది పెద్దదో తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు గాని, తేల్చుకున్నాక ఇల్లు మాత్రం ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. సీసా దించి, ఇరవైకి బదులు నలభై సార్లు చిమ్మాడు. "తినండి నాయనా, తినండి. నాకోసం ఆగకండి" అన్నాడు.

* * *

అసలు వింత అక్కడ మొదలైంది. నలభై చిమ్ములు తిన్న సూక్ష్మజీవులు వంచిన తల ఎత్తకుండా పనిచేశాయి. ఉదయానికల్లా పగులు నోటికి తెల్లటి పెచ్చు కట్టింది. బాబాయ్ గుండె రాయి చేసుకుని ల్యాబుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చూస్తే పెచ్చు లేదు. పగులు తెరుచుకునే ఉంది. కింద గచ్చు మీద చిటికెడు తెల్లపొడి. అవతల మిషను ఎప్పటిలా హాయిగా ఆడుతోంది.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. ఉదయం మానడం, సాయంత్రం తెరుచుకోవడం. ఈసారి తను ముట్టుకోలేదని బాబాయ్ ఎవరిమీద ఒట్టేసినా చెల్లుతుంది. కాని ఎవరికి చెప్పాలి? మొదటి వారం సంగతి చెప్పకుండా రెండో వారం సంగతి చెప్పడం కుదరదు.

కొలతకు వచ్చిన స్కాలరమ్మే గచ్చు మీద రోజురోజుకీ పేరుకున్న తెల్లపొడి చూసింది, విషయం డైరెక్టరు గారి దాకా వెళ్ళింది. ఆయన దేన్నైనా చివరి పేజీ నుంచి చదివే మనిషి. "పూడింది రోజూ ఊడుతోందంటే లోపం పూతది కాదు, గోడది. గోడ కదులుతోంది" అని తేల్చి, కంపనాలు కొలిచే పెట్టెను పంపించారు. దాన్ని గోడకు బిగించి వారం రోజులు ఉంచారు. కాగితం మీద గీతలు రానే వచ్చాయి. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కదలిక. ఒంటిగంట నుంచి రెండు దాకా ఏమీ లేదు. మళ్ళీ రెండు నుంచి ఏడున్నర దాకా కదలిక. ఆదివారం పూర్తిగా నిశ్శబ్దం.

"భూగర్భంలో ఏదో జరుగుతోంది" అన్నారు డైరెక్టరు గారు.

"భూగర్భం భోజనానికి లేస్తుందా సార్?" అంది స్కాలరమ్మ నీరసంగా.

బాబాయ్‌కి ఆ గీతలు చూడగానే తెలిసింది. అక్కడక్కడా గీత తెగిన చోట దారం తెగిందని కూడా తెలిసింది. నోరు తెరిచాడు. 'మీకెలా తెలుసు' అని అడిగితే? నాలుగేళ్ళుగా గోడకు చెవి పెట్టి ఒక పరాయి ఇంటి చప్పుడు వింటున్నానని, అరవై దాటిన మనిషి, ఈ పిల్ల ముందు ఎలా చెప్పుకోవడం? నోరు మూసుకున్నాడు.

డైరెక్టరు గారు కార్పొరేషనుకు ఫోను చేశారు. అక్కణ్ణుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. గోడను మూడుసార్లు తట్టి, గీతల కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఉన్నది ఉన్నట్టు రాయడమే తన పని అన్నాడు. మరునాడు భవనం గేటుకు నోటీసు అంటించి ఉంది. 'ఈ భవనం ఆదివారాలు మినహా ప్రమాదకరం. నివాసులు పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను.'

మెట్ల దగ్గర ఆసరాగా నాలుగు దుంగలు నిలబెట్టారు. పై వాటా నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి, దుంగల మధ్య నుంచి పక్కకు తిరిగి నడిచి, బాబాయ్ తలుపు కొట్టింది.

"ఏంటండీ బాబాయ్ గారూ, వైద్యం మీ గోడకైతే డిశ్చార్జి మాకు రాశారు?"

"పొరపాటు జరిగిందమ్మా. సరిచేస్తాను."

"ఎప్పుడు? ఆదివారం చేయకండి. ఆ రోజు బానే ఉందట."

ఆమె నవ్వుతూనే అంది గాని, పై నుంచి పెట్టెలు జరుపుతున్న చప్పుడు సాయంత్రమంతా వినిపించింది. బాబాయ్ గోడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. నోరు విప్పకపోతే ఇల్లు పోతుంది, ఆ పిల్ల చదువు పోతుంది, నర్సమ్మ రోడ్డున పడుతుంది. నోరు విప్పితే పోయేది తన పరువొక్కటే. దాన్ని ఇన్నేళ్ళుగా ఎవరూ అడిగింది కూడా లేదు.

* * *

శుక్రవారం కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, వాళ్ళలో ఒక పెద్దావిడది నాయకత్వం. డైరెక్టరు గారు, స్కాలరమ్మ, కార్పొరేషను ఇంజినీరు కూడా కలిసి ఆ గదిలో ఏడుగురు నిలబడ్డారు. ఆ గది పుట్టాక అంతమంది అందులో పట్టడం అదే మొదలు. తనది కాని కారణానికైనా ఇల్లు నిండుగా కనిపించిందని బాబాయ్ ఒక్క క్షణం సంతోషపడ్డాడు.

"పగులు అలాగే ఉంది కదా" అంది పెద్దావిడ, వంగి చూసి.

"గోడ కదులుతోందండి" అన్నారు డైరెక్టరు గారు.

"కదలడం లేదండి" అన్నాడు బాబాయ్. అందరూ అతనివైపు తిరిగారు. "అది కుట్టుమిషను. అవతలి గదిలో గోడకు ఆనించి ఉంటుంది. ఒంటిగంటకు ఆవిడ భోజనానికి లేస్తారు. ఆదివారం కుట్టరు. రేడియో వింటారు."

"మీకెలా తెలుసు?" అన్నాడు ఇంజినీరు.

"నేను ఆవిణ్ణి వింటాను."

బాబాయ్ స్కాలరమ్మ వైపు తిరిగాడు. "ఇంకో సంగతమ్మా. మొదటి వారం మూడో రోజు నుంచి నేను దాణా పెట్టలేదు. రిజిస్టరులో రాసింది అబద్ధం. పగులు పూడితే ఆ చప్పుడు వినపడదని... అంతే. నీ తప్పేమీ లేదు."

స్కాలరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నాకు తెలుసు బాబాయ్. వచ్చిన ప్రతిసారీ సీసా బరువు చూస్తాను కదా."

"మరి అడగలేదేం?"

"ఆ వారం ఏదో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత మీరు రెట్టింపు పెట్టడం మొదలెట్టారు. పెద్దవాళ్ళను అడిగి ఏం చేస్తాను?"

బాబాయ్ రిజిస్టరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సరే. మొదటి వారం తేలింది. ఆ తర్వాత ఊడదీస్తున్నదెవరు?" అంది పెద్దావిడ. "పదండి, అవతలి వైపు చూద్దాం."

ఏడుగురూ వరుసగా వీధి చుట్టూ తిరిగి పదకొండు నిమిషాలు నడిచారు. చివరి మలుపు దగ్గర బాబాయ్ తల దువ్వుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

తలుపు తీసిన ఆవిడకు యాభై అయిదు పైబడి ఉంటాయి. మెడలో కొలత టేపు, చేతిలో కుట్లు విప్పే సన్నటి పొడవాటి కత్తి. కత్తి మొన తెల్లగా ఉంది.

"ఏంటండీ ఇంతమంది? కొలతలకా?"

"మీ గోడ చూడాలండి" అంది స్కాలరమ్మ.

దర్జీ ఆవిడ కత్తిని వెనక్కు దాచుకోబోయి, ఆ ప్రయత్నం ఏడుగురూ చూశారని గమనించి, బల్ల మీద పెట్టేసింది. "చూడండి. నేనే విప్పుతున్నాను. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక, మిషను ముందు కూర్చునే లోపు. కుట్టు విప్పినట్టే, ఇటు నుంచి అటు దాకా. నేరమైతే రాసుకోండి."

"ఎందుకమ్మా?" అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది. "అవతల ఒకాయన ఉన్నారు. రోజూ సాయంత్రం వంట చేస్తూ భార్యతో మాట్లాడతారు. బస్సులో చోటు దొరికిందని, ఎండ తగ్గిందని, ఎవరో కప్పు కడిగి పెట్టారని. ఆవిడ ఒక్కసారి కూడా పలకదు. అంత ఓపిగ్గా మాట్లాడే మనిషికి ఒక్క ముక్క జవాబు చెప్పకపోవడం ఏమిటండీ? ఎప్పుడో ఒకరోజు పలుకుతుందేమోనని వింటున్నాను. అది పూడిపోతే, పలికినా నాకు తెలియదు కదా."

బాబాయ్ రెండడుగులు ముందుకేశాడు.

"ఆవిడ లేదండి. పోయి ఆరేళ్ళయింది."

దర్జీ ఆవిడ చేతిలో టేపు జారి నేలంతా పరుచుకుంది. "అయ్యో. ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆవిణ్ణి."

"పర్వాలేదండి. ఆవిడ ఎవరి మాటా పట్టించుకునేది కాదు."

పెద్దావిడ దగ్గింది. ఆ దగ్గులో కొంత నవ్వు కూడా ఉంది. "ఊడిన పెచ్చులు ఏం చేశారు? పారేశారా?"

"ముక్క పారేసే అలవాటు మాకు లేదండి." దర్జీ ఆవిడ గుండీల డబ్బా తెచ్చింది. అందులో కాగితం మడిచిన చిన్న చిన్న పొట్లాలు, ఒక్కోదాని మీద తేదీ. ఖాతాదారుల గుడ్డపీలికలకు రాసే అలవాటుతో వీటికీ రాసేసింది. స్కాలరమ్మ బల్ల మీద వాటిని వరసగా పేర్చి లెక్కపెట్టింది. మొత్తం పదహారు.

"ఒకే చోట పదహారుసార్లు పూడింది" అంది మెల్లగా. "ల్యాబులో ఈ జీవులు రెండోసారికే అలిసిపోతాయి. మూడోసారి ఎవరమూ చూడనే లేదు. మేం ఒకటి రెండుసార్లు పగలగొట్టి ఊరుకుంటాం. ఇంత పద్ధతిగా, ఒకే గీత మీద, రోజూ విప్పేవాళ్ళు మాకెక్కడ దొరుకుతారు?"

కమిటీ ముగ్గురూ కిటికీ దగ్గరకు వెళ్ళి పది నిమిషాలు గుసగుసలాడారు. వచ్చి, ప్రయోగం ఆపడం లేదన్నారు. ఇంకో ఏడాది కొనసాగాలి, అటు నుంచి బాబాయ్ పూడ్చాలి, ఇటు నుంచి దర్జీ ఆవిడ విప్పాలి, ఇద్దరూ ఎవరి పని వాళ్ళు మానకూడదు. ఇంజినీరు మాత్రం నోటీసు తీయడానికి రెండు వారాలు పడుతుందన్నాడు. ప్రమాదం లేదని రాయాలంటే ఆదివారం గురించి ప్రత్యేకంగా వివరణ ఇవ్వాలట.

* * *

ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, పగులు దగ్గర ఆగబోయి సిగ్గుపడి ముందుకు వెళ్ళిపోయాడు. పొయ్యి వెలిగించాడు. కూర తరిగాడు. మాట్లాడలేదు. మాట్లాడితే వినే మనిషి ఉందని తెలిశాక మాట ఎలా మొదలుపెట్టాలో మరిచిపోయాడు. అవతల మిషను కూడా మోగలేదు. రెండు గదులూ ఒకదాన్ని ఒకటి విననట్టు నటిస్తూ కూర్చున్నాయి.

చాలాసేపటికి గోడ పలికింది. "ఇవాళ ఏం మాట్లాడరేం?"

"ఏం మాట్లాడమంటారండీ?"

"రోజూ ఆవిడతో చెప్పేవే. నేనున్నానని మానుకోకండి."

బాబాయ్ గరిటెతో కూర కలిపాడు. తర్వాత అలవాటైన చోటుకే చూస్తూ, అలవాటైన గొంతుతోనే అన్నాడు. "ఇవాళ ఇల్లంతా మనుషులు. ఆ హడావిడిలో కూరలో ఉప్పు ఎక్కువ పడిందనుకుంటా."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆరేళ్ళ తర్వాత ఆ వంటింటికి జవాబు వచ్చింది.

"రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత పెట్టి ఇంకాసేపు ఉడకనివ్వండి."

బాబాయ్ చెప్పినట్టే చేశాడు. మూత తీసి రుచి చూశాడు. ఇప్పుడు ఉప్పు తక్కువైంది.